గ్రామకంఠం దాటిన ఊరు: చోడవరం ప్రాంతంలో ఇళ్ళ స్థలాల చరిత్ర

అనకాపల్లి నుంచి మాడుగుల కొండల వైపు వెళ్ళే మైదానంలో, శారదా నదికీ దాని ఉపనదులకూ నడుమ ఉన్న చోడవరం ప్రాంతంలో ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్నది తరతరాలుగా గ్రామకంఠం తేల్చిన విషయం. ఊరి మధ్య ఇళ్ళు ఉన్న నేలనే గ్రామకంఠం అంటారు. పొలాలకు సర్వే నంబర్లు, సబ్‌డివిజన్లు, శిస్తు ఉంటాయి. గ్రామకంఠానికి శిస్తు లేదు. చాలా గ్రామాల్లో మొత్తం నివాస ప్రాంతానికి కలిపి ఒకటే నంబరు ఉండేది. గ్రామకంఠం గీత లోపల ఎవరి గోడ ఎక్కడ మొదలవుతుంది, ఎవరి పెరడు ఎక్కడ ముగుస్తుంది అన్నది ప్రభుత్వ కాగితంలో ఉండేది కాదు. ఊరి లెక్కలు రాసే కరణానికి తెలుసు, ఇరుగుపొరుగుకు తెలుసు, ఊరి పెద్దలకు తెలుసు. అదే హక్కు పత్రం. గడిచిన నూరేళ్ళలో ఈ ప్రాంతపు పల్లెలు గ్రామకంఠం హద్దు దాటి పొలాల్లోకి విస్తరించిన తీరు చూస్తే, ప్రభుత్వాలు ఎన్ని ఇళ్ళు కట్టించాయన్న లెక్క కన్నా ఆ ఇళ్ళకు స్థలం ఎక్కడ చూపించాయన్నదే ఊరి రూపాన్ని ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది.

పాత ఊరి అమరికలో ఒక క్రమం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో వీధికి రెండు పక్కలా ఇళ్ళు వరసగా, గోడకు గోడ ఆనించి ఉంటాయి. ముందు వీధి అరుగు, దాని వెనక నడవ, ఆపైన గదులు, వంటిల్లు, చివర పెరడు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటిని నిలువునా చీల్చడంతో వీధి ముఖం మరీ సన్నబడేది. రామకోవెల, రచ్చబండ, మంచినీళ్ళ నుయ్యి ఊరి నడుమ ఉండేవి. కళ్ళాలు, బందెలదొడ్డి, చెరువు, శ్మశానం, గ్రామదేవత గుడి ఊరి అంచున. పశువుల పాక, గడ్డిమేటు, పిడకల గూడు పెరట్లో. చెరకు పండే ప్రాంతం కాబట్టి బెల్లం వండే పాకలు పొలాల్లో ఉండేవి. పొయ్యిలో చెరకు పిప్పి మండుతుంది గనుక వాటికి ఊరి నుంచి దూరం అవసరం కూడా.

ఇంటి కప్పు కలిమికి గుర్తు. పేదల ఇళ్ళకు మట్టిగోడలు, తాటి దూలాలు, తాటాకు లేదా గడ్డి కప్పు. కలిగినవారికి పెంకుటిల్లు. తాటాకు కప్పు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. అది ఖర్చే గానీ, కావలసిన సరుకంతా ఊళ్ళోనే దొరికేది, పనికి చుట్టాలూ పక్కాలూ వచ్చేవారు. తీరానికి దగ్గరగా ఉన్న పల్లెల్లో గుండ్రటి చుట్టిళ్ళు ఉండేవి. నేలదాకా దిగిన వాటి కప్పు తుపాను గాలికి పట్టు ఇవ్వదు. అసలు భయం నిప్పు. వేసవిలో మధ్యాహ్నం గాలి తిరిగిన వేళ ఒక్క పొయ్యి నుంచి రవ్వ లేస్తే గోడకు గోడ ఆనుకున్న వీధి మొత్తం బూడిదయ్యేది. ‘పక్కా ఇల్లు’ అన్న మాటకు తర్వాతి కాలంలో ఓట్లు రాలేంత బలం వచ్చిందంటే దాని వెనక ఈ నిప్పు భయం ఉంది.

ఈ క్రమంలో అందరికీ చోటు లేదు. దళితుల పేట ఊరికి ఎడంగా, చాలాచోట్ల పల్లంలో, గెడ్డ ఒడ్డునో పొలం గట్టునో ఉండేది. ఆ నేల గ్రామకంఠంలో చేరని సందర్భాలు ఎక్కువ. అది రైతు పొలమో, పోరంబోకు అనే శిస్తులేని ఉమ్మడి నేలో అయి ఉండేది. గుడిసె వేసుకున్నవాడు ఆ రైతు దగ్గరే పాలేరు. కూలి గొడవ వస్తే గుడిసె ఖాళీ చేయమనే మాట వచ్చేది. ఇంటి కింది నేల తనది కానివాడికి కూలి బేరం ఆడే దమ్ము ఉండదు. ఇళ్ళ స్థలాల చరిత్రకు మొదలు ఇక్కడే ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1919లో కార్మిక కమిషనర్‌ను నియమించి, అణగారిన కులాల బాగోగులు చూసే పని ఆ శాఖకు అప్పగించింది. 1920ల్లో ఆ శాఖ చేపట్టిన పనుల్లో ఇళ్ళ స్థలాలు ఇవ్వడం ముఖ్యమైనది. భూమిని సేకరించడం, స్థలాలుగా విడగొట్టడం, సహకార సంఘాల ద్వారా ఖరీదును వాయిదాల్లో రాబట్టడం దాని పద్ధతి. కావేరి డెల్టాలో ఈ పని ఎక్కువగా సాగింది. ఉత్తర సర్కారు జిల్లాల్లో అది అంతగా వేళ్ళూనలేదు. విశాఖపట్నం జిల్లాలో అధిక భాగం జమీందారీ కావడం అందుకు ఒక కారణమని అనుకోవచ్చు: జమీందారీ గ్రామాల్లో భూమి మీద సర్కారు చెయ్యి నేరుగా పడేది కాదు.

ఇంటి నేల మీద చట్టం చూపు మాత్రం అంతకుముందే పడింది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం ఏది ప్రభుత్వ భూమి అని నిర్వచిస్తూ, ఇంటి స్థలంగా, పెరడుగా ఎవరి స్వాధీనంలోనైనా సొంతంగా ఉన్న నేలను అందులోంచి మినహాయించింది. గ్రామకంఠంలో ఇల్లు ఉన్నవాడికి పట్టా లేకపోయినా ఆ నేల సర్కారుది కాదని న్యాయస్థానాలు చెబుతూ వచ్చింది ఈ మినహాయింపు ఆధారంగానే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ గ్రామాలు రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీలోకి వచ్చినప్పుడూ అదే జరిగింది. అడవులు, చెరువులు, డొంకలు, పోరంబోకులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ఇళ్ళు మాత్రం వాటి యజమానులవే అని ఆ చట్టం ప్రత్యేకంగా చెప్పింది. తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి పొలాలకు పట్టాలు వచ్చాయి. గ్రామకంఠం మళ్ళీ కొలతల బయటే మిగిలింది.

దీని ఫలితం తరవాత తెలిసింది. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం పల్లెకు మేలే. అయితే గ్రామకంఠంలో ఏ ఇల్లు ఎవరిదో నోటికి చెప్పగలిగిన మనిషి కూడా దాంతో పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంటి నేలకు రుజువులంటే పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత పంపకాల కాగితం. బ్యాంకు అప్పుకు వెళ్ళినా, అమ్మకానికి వెళ్ళినా వీటితోనే నెట్టుకురావాలి.

స్వాతంత్ర్యం వచ్చాక గ్రామీణ గృహనిర్మాణం మీద తొలి కేంద్ర పథకం 1957 నాటి గ్రామ గృహనిర్మాణ పథకం. అది అప్పు మీద నడిచింది. స్థలం, పరపతి ఉన్నవాడికే అది అందింది. అసలు మలుపు 1971 అక్టోబరు. భూమిలేని గ్రామీణ కూలీలకు ఉచితంగా ఇళ్ళ స్థలాలు ఇచ్చే కేంద్ర పథకం అప్పుడు మొదలైంది. 1975లో ఇరవై సూత్రాల కార్యక్రమంలో అది చేరడంతో వేగం పుంజుకుంది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ రోజుల్లో తహసీల్దార్లకు లక్ష్యాలు వచ్చాయి: ఇన్ని స్థలాలు, ఇన్ని పట్టాలు. లక్ష్యం చేరాలంటే చౌకగా, త్వరగా దొరికే నేల కావాలి. అది పోరంబోకు అయినా కావాలి, రైతు వదులుకోవడానికి ఇష్టపడే మెరక చెక్కో, ఊటబారిన పల్లపు చెక్కో అయినా కావాలి. అలా వచ్చిన కాలనీలు ఊరికి ఎడంగానే వచ్చాయి. పాత ఊరు కులాన్ని బట్టి పేటలుగా విడిపోయి ఉంటే, కొత్త పథకం ఆ ఎడాన్ని ప్రభుత్వ ముద్రతో స్థిరపరిచింది. దళితులకు ఒక చోట, వెనుకబడిన తరగతులకు మరో చోట వేర్వేరుగా కాలనీలు వేయడం చాలాకాలం మామూలు పద్ధతిగా సాగిపోయింది. అప్పటికి అది తేలికైన దారి. కలిపి వేసి ఉంటే ఊళ్ళో గొడవలు వచ్చేవన్నది అధికారుల జవాబు కావచ్చు. కానీ రోడ్డు, కొళాయి, కాలువ ముందు ఊళ్ళోకి వచ్చి, ఆపైన ఏళ్ళకు గానీ కాలనీకి చేరకపోవడానికి ఆ ఎడమే మూలం.

అయినా ఆ పట్టా కాగితం చిన్నది కాదు. గుడిసె ఖాళీ చేయమనే మాటకు అది జవాబు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ఇలా ఇచ్చిన స్థలాలను అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా కట్టడి చేసింది. పేదవాడి చేతిలోంచి స్థలం జారిపోకూడదన్నది ఉద్దేశం. ఆ కట్టడి వల్ల ఆ స్థలం మీద బయట అప్పు పుట్టేది కాదు, తెల్ల కాగితం మీద రహస్యంగా చేతులు మారేది. ఇటీవలి సవరణలు నిర్ణీత కాలం గడిచాక బదలాయింపుకు వీలు కల్పించాయి.

స్థలం తర్వాత ఇల్లు. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత బలహీన వర్గాల పక్కా ఇళ్ళ కార్యక్రమం ఊపందుకుంది. కేంద్ర సంస్థ హడ్కో అప్పు ఇచ్చింది. 1985–86లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. మొదట అది షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెట్టి నుంచి విడుదలైనవారికి పరిమితం; 1993–94 నుంచి ఇతర గ్రామీణ పేదలకూ వర్తించింది. ఇంటిని భార్య పేరున, లేదా భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలన్న నిబంధన ఆ పథకంలో ఉండేది. ఈ అర్ధ శతాబ్దపు గృహ పథకాల్లో అన్నిటికన్నా లోతైన మార్పు అదే అనిపిస్తుంది. 2006లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ పేరుతో కొత్త పద్ధతి తెచ్చింది. ఏటా మూడో వంతు పంచాయతీలు తీసుకుని, మూడేళ్ళలో ప్రతి ఊళ్ళోనూ అర్హులందరికీ ఇల్లు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, రోడ్డు, కాలువ ఒకేసారి ఇవ్వాలన్నది లక్ష్యం. కాలనీని ఇళ్ళ వరసగా కాక ఊళ్ళో భాగంగా చూడాలన్న ఆలోచన మొదటిసారి అక్కడ స్పష్టంగా కనిపించింది. ఆచరణలో ఇళ్ళే ముందు లేచాయి, కాలువలు వెనకబడ్డాయి.

కాలనీ ఇల్లు లేచే తీరు మూడు మెట్లలో ఉంటుంది. పునాది తీసి నల్లరాయి పేర్చి బేస్‌మెంటు వేయడం మొదటి మెట్టు. గోడలు లింటెల్ మట్టానికి రావడం రెండోది. స్లాబు పోయడం మూడోది. ప్రతి మెట్టు దగ్గరా ఇంజనీరు వచ్చి చూసి, కొలిచి, ఫొటో తీస్తే గానీ బిల్లు పడదు. ముందు ఖర్చు పెట్టినవారికే డబ్బు వస్తుంది. చేతిలో మొదటి విడతకు సరిపడా సొమ్ము లేని కుటుంబం వడ్డీకి తెస్తుంది, లేదా తాపీ మేస్త్రీ అరువు మీద కడతాడు. బిల్లు ఆలస్యమైతే ఇల్లు లింటెల్ దగ్గర ఆగిపోతుంది. కాలనీల్లో ఏళ్ళ తరబడి మొండిగోడలు, పైకి పొడుచుకొచ్చిన తుప్పు చువ్వలు కనిపించడానికి కారణం ఎక్కువగా ఈ విడతల పద్ధతే. సిమెంటు ప్రభుత్వ ధరకు వచ్చినా, ఇసుక రవాణా, ఇటుక, కూలి పెరిగితే యూనిట్ ధర చాలదు. ఆ తేడా కుటుంబమే భరించాలి. అందుకే ‘ప్రభుత్వ ఇల్లు’ అని పిలిచే ప్రతి ఇంట్లో ఇంటివాళ్ళ అప్పు కూడా ఒక భాగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు రేకుల కప్పులు, పెంకులు ఎగిరిపోయిన పల్లెల్లో స్లాబు విలువ అందరికీ తెలిసివచ్చింది. అప్పు చేసైనా స్లాబు వేయాలన్న పట్టుదలలో తప్పు వెతకలేం.

చోడవరానికి కాలనీల కథ ఒకటే కాదు. ఇది సంత ఊరు, స్వయంభూ విఘ్నేశ్వరాలయం ఉన్న ఊరు, శాసనసభ నియోజకవర్గ కేంద్రం. పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం వెలసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఇది మండల కేంద్రమైంది. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్ళే బి.ఎన్. రోడ్డు సబ్బవరం మీదుగా ఇక్కడికి వస్తుంది. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, చుట్టుపక్కల రైతుల పిల్లలు ఇక్కడ స్థలం కొనుక్కోవడంతో రోడ్ల వెంట పొలాలు లేఅవుట్లయ్యాయి. పద్ధతి అంతటా ఒకటే: ఎకరమో రెండెకరాలో కొని, ఎర్ర గ్రావెల్ పోసి రోడ్లు తీసి, హద్దు రాళ్ళకు సున్నం పూసి, గజాల లెక్కన అమ్మడం. ఎకరం అమ్మే రైతుకు పంట మీద వచ్చేదానికి అనేక రెట్లు డబ్బు ఒక్కసారి కనబడుతుంది. బెల్లం ధర పడిపోయిన ఏడాది, చెరకు బకాయిలు పేరుకున్న ఏడాది అలా అమ్మినవారిని తప్పుపట్టడం కష్టం.

ఈ పెరుగుదలను కట్టడి చేసే చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. బ్రిటన్‌లో 1909లో వచ్చిన పట్టణ ప్రణాళికా చట్టం ప్రభావంతో మద్రాసులో 1920లో పట్టణ ప్రణాళికా చట్టం చేశారు. అది పట్టణాలను ఉద్దేశించినది. పల్లె దాని చూపులో లేదు. బ్రిటన్ 1947లో మరో అడుగు వేసి, పల్లెలో అయినా పట్నంలో అయినా ఏ నిర్మాణానికైనా స్థానిక ప్రణాళికా సంస్థ అనుమతి ఉండాలని చట్టం చేసింది. వేల్స్‌లోని చిన్న పల్లెకు ఈనాడు కూడా పటం మీద ఒక అభివృద్ధి హద్దు గీస్తారు. ఆ గీత లోపల ఇల్లు కట్టుకోవడానికి అనుమతి తేలిగ్గా వస్తుంది, బయట కష్టం. అయితే స్థానికంగా ఇల్లు కొనలేని కుటుంబాల కోసం హద్దు అంచున కొద్దిపాటి ఇళ్ళకు మినహాయింపు ఇస్తారు. గ్రామకంఠం కూడా అలాంటి గీతే. కానీ వేల్స్‌లో గీత ఎందుకు గీశారో, ఎప్పుడు మార్చాలో ఊరి ముందు చర్చించి రాసిన ప్రణాళిక ఉంటుంది, అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది. ఇక్కడ గ్రామకంఠం రెవెన్యూ శిస్తు అవసరం కోసం పుట్టిన గీత. ఊరు పెరిగినా అది కదలలేదు. దాన్ని దాటి కట్టిన ప్రతి ఇల్లూ వ్యవసాయ భూమి మీద ఇల్లే అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం, తర్వాత 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇంటి ప్లానుకు పంచాయతీ అనుమతి తప్పనిసరి చేశాయి. 2002లో గ్రామ పంచాయతీ భూ అభివృద్ధి నియమాలు వచ్చి, లేఅవుట్‌లో రోడ్ల వెడల్పు ఎంత ఉండాలో, ఎంత నేల ఉమ్మడి ఖాళీ స్థలంగా పంచాయతీకి అప్పగించాలో చెప్పాయి. 2006లో సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చడానికి ముందస్తు అనుమతి, రుసుము తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. జనం నోట అది ‘నాలా’ అయింది. నియమం ఉన్నా అమలు చేయాల్సింది పంచాయతీ కార్యదర్శి. ఒక్క మనిషి, పన్నుల వసూలు నుంచి వీధి దీపాల దాకా అన్నీ అతని నెత్తిన. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాకే ఊరికి ఇంజనీరింగ్ అసిస్టెంట్, సర్వేయరు అంటూ సిబ్బంది దొరికారు. అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు ఒకటికి రెండుసార్లు వచ్చాయి. స్థలం కొన్నవారికి అవి ఊరట. నియమం పాటించి ఖాళీ స్థలం వదిలిన లేఅవుట్‌దారుకు మాత్రం వాటి వల్ల అన్యాయం జరిగింది.

లేఅవుట్లు, కాలనీలు రెండూ ఒత్తిడి పెట్టింది ఊరి ఉమ్మడి నేల మీద: చెరువు గర్భం, గెడ్డ గట్టు, డొంక, కళ్ళం. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణలను అసాధారణ సందర్భాల్లో తప్ప క్రమబద్ధీకరించవద్దని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ తర్వాత పోరంబోకులో పట్టాలివ్వడం తగ్గి, ప్రైవేటు భూమి కొనాల్సి వచ్చింది. 2014 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి రావడంతో ఆ ధర కూడా పెరిగింది. ఆ తర్వాత పేదలకు ఇచ్చే స్థలం చిన్నదైపోవడానికి ఇది ఒక కారణం.

2020 డిసెంబరు 25న వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం ముప్ఫై లక్షల పైచిలుకు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పట్టాలు ఆడవారి పేరున. గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 గజాలు కాబట్టి సెంటున్నర 72.6 గజాలు, అంటే 653 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు పోను మిగిలింది ఒక గేదె పాకకు, గడ్డిమేటుకు చాలదు. పాలు అమ్ముకునే కుటుంబానికి పెరడు వంటింటితో సమానం. ఆ లెక్క పట్టణంలో అపార్ట్‌మెంటు గీసినవారిది గానీ పల్లెలో పశువులున్నవారిది కాదు. ఇంటికి ఇచ్చిన మొత్తం 1.80 లక్షల రూపాయలు. గ్రామీణ పథకం కన్నా పట్టణ పథకంలో కేంద్రం వాటా ఎక్కువ కాబట్టి, రాష్ట్రంలో ఎన్నో పల్లెలను పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చి ఆ నిధులు రాబట్టారు. కాగితం మీద పల్లె పట్టణమైంది, నేల మీద పల్లెగానే ఉంది. 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అంత చిన్న స్థలాల్లో ఇళ్ళ మీద అభ్యంతరం తెలిపి నిర్మాణాలు ఆపమంది. తర్వాత ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. 2022 ఏప్రిల్ 28న చోడవరానికి దగ్గరలోనే, సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ నగర పేదల కోసం 1.23 లక్షల పట్టాల పంపిణీ మొదలైంది. నగరంలో పని, ఇల్లు ఇక్కడ. రాకపోకల ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అక్కడి లేఅవుట్‌తో పాటే వచ్చింది. అదే నెల 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి మారింది. 2024లో వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇవ్వాలని నిర్ణయించింది. మూడు సెంట్లంటే 145.2 గజాలు. ఆ కొలతలో పెరటికి మళ్ళీ చోటు దొరుకుతుంది.

గ్రామకంఠం కొలత కూడా ఈ కాలంలోనే మొదలైంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రకటించిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఊరి నివాస ప్రాంతాన్ని ఫొటో తీసి, ఇంటింటికీ హద్దులు గీసి, ఆస్తి కార్డు ఇవ్వాలి. ఆ ఏడాది డిసెంబరు 21న రాష్ట్రం సమగ్ర రీసర్వేను అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో ప్రారంభించి, పొలాలతో పాటు గ్రామకంఠాలనూ అందులో చేర్చింది. డ్రోన్‌కు పెంకు కప్పు, స్లాబు కనబడతాయి. గోడకు గోడ ఆనుకున్న వీధిలో రెండు ఇళ్ళ నడుమ ఉమ్మడి గోడ ఎవరిదో, అన్నదమ్ముల పెరట్లో నుయ్యి ఎవరి వాటాలోదో పైనుంచి కనబడదు. దానికి సర్వేయరు ఇంటింటికీ దిగి, ఇరుపక్కలవారినీ నిలబెట్టి, గ్రామసభలో పేర్లు చదివి, అభ్యంతరాలు విని రాసుకోవాలి. ఒకప్పుడు కరణం బుర్రలో ఉన్న వివరాలు కాగితం మీదికి వచ్చేది ఆ దశలోనే.